డ్రిల్లు మాష్టరు కోడి రామమూర్తి

ఆంధ్రదేశములో బలశాలి అనగానే పెద్దలకు భీముని తరువాత స్ఫురించు పేరు కోడి రామమూర్తి నాయుడుగారిది. రొమ్ము మీద ఏనుగును నిలుపుకొన్నవాడు, ఉక్కు గొలుసులను భుజబలముతో త్రెంచినవాడు, పరుగిడబోవు మోటారుకార్లను పట్టి నిలిపినవాడు అని ఆయనను గూర్చి మన తాతలు చెప్పినారు, తండ్రులు చెప్పినారు. ఈ కథలన్నింటిలోను జనసమూహము ఉన్నది, డేరా ఉన్నది, చప్పట్లు ఉన్నవి. వీటి వెనుక ఒక బడి ఆవరణ కూడ ఉన్నదన్న సంగతి మాత్రము చాలమందికి గుర్తు లేదు. రామమూర్తిగారు సర్కసు యజమాని కాకముందు, బిరుదులు పొందకముందు, విజయనగరములో ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ శిక్షకులు. బాలుర మాటలో చెప్పవలెనన్న డ్రిల్లు మాష్టరు. ఆయన జీవితమును బడిపిల్లల వైపు నుండి ఒకసారి చదువుకొనవలెనని నా కోరిక. వ్యాయామవిద్య అనగా పతకములు తెచ్చు నలుగురు పిల్లల వ్యవహారమని మన బడులలో ఒక భావము పాతుకొనిపోయినది కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఈ జీవితము వేరొక విధముగా ఉపయోగపడునని తోచుచున్నది.

ఆయన 1882లో వీరఘట్టములో జన్మించినారు. ఆనాడు అది మద్రాసు రాజధానిలోని ఊరు; తరువాత శ్రీకాకుళం జిల్లాలోనిదైనది; 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. తండ్రి వెంకన్న నాయుడుగారు. తల్లి ఆయన పసితనముననే గతించినది. తల్లి లేని బిడ్డ అని తండ్రి గారాబముగా పెంచినాడు. ఆ గారాబమునకు ఫలముగా పిల్లవాడు పలకకు దూరమై చెరువుగట్లకు, తోటలకు, కొండలకు దగ్గరైనాడు. ఊరి చెంతనున్న చెరువు వద్దకు ప్రతి ఉదయము పోయి ఒంటరిగా సాము చేయుచుండెడివాడని ఆ ప్రాంతమువారు చెప్పుదురు. చదువు అబ్బలేదు, అల్లరి తగ్గలేదు. ఇటువంటి పిల్లవానిని గూర్చి పంతుళ్ళు ఏమనుకొందురో మనకు తెలియనిది కాదు. ప్రతి తరగతిలోను వెనుక బల్ల మీద అట్టివాడొకడు నేటికిని కూర్చుండియున్నాడు.

తండ్రి విసిగి ఆయనను విజయనగరమునకు, పోలీసుశాఖలో ఇన్‌స్పెక్టరుగా నున్న తన తమ్ముడు నారాయణస్వామి నాయుడుగారి యింటికి పంపించినాడు. పినతండ్రి దండించి దారికి తెచ్చునన్న ఆశ వెంకన్న నాయుడుగారికి ఉండియుండవచ్చును. జరిగినది వేరు. నారాయణస్వామిగారు పిల్లవాని ఒంటిలోని శక్తిని అణచివేయుటకు ప్రయత్నింపలేదు. దానికి ఒక త్రోవ చూపినారు. ఊరిలోని వ్యాయామశాలకు పంపించినారు. విజయనగరము ఆనాడు విద్యలకు పుట్టినిల్లు. ఆనందగజపతి ప్రభువుల ఆస్థానము, గురజాడ అప్పారావుగారి నాటకశాల, ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథ అన్నియు ఆ నాలుగు వీథుల నడుమనే వెలసినవి. వాటితోబాటు తాలింఖానాలు కూడ వెలసినవన్నది సాహిత్య చరిత్రలు వ్రాయువారు సాధారణముగా మరచు విషయము. మా రాయలసీమలో గరిడి అను దానినే అక్కడ తాలింఖానా అందురు. ఎఱ్ఱమన్ను మెత్తగా పరచిన గోదా, గోడకు ఆనించిన గదలు, ఒక మూల ఆంజనేయుని పటము, తెల్లవారుజామున దండీలు, బస్కీలు, ఆపై కుస్తీ. గురువు మాట జవదాటరాదు. ప్రత్యర్థిని పడవేసిన తరువాత లేవనెత్తవలెను. నిద్రకు, భోజనమునకు, స్నానమునకు వేళలు తప్పరాదు.

చెరువుగట్టున ఒంటరిగా చేసిన సాము ఆ పిల్లవానికి బలమునిచ్చినది గాని క్రమమును ఇయ్యలేదు. క్రమము గోదాలో అబ్బినది. తనకంటె నేర్పరియైన వాని చేతిలో ప్రతిదినము ఓడిపోవుటలో ఒక శిక్షణ కలదు. ఓటమి అవమానము కాదని, రేపటి పాఠమని దేహమునకు తెలియును. దేహమునకు తెలిసినది మనస్సునకు తెలియుటకు ఎక్కువ కాలము పట్టదు. పలకను విసరివేసిన బాలుడు విజయనగరములో ఉన్నత పాఠశాల విద్యార్థియైనాడు. అతనిని చదువు వైపు త్రిప్పినది బెత్తము కాదు, గోదాయే అని నేననుకొందును. ఇరువదియొక్క సంవత్సరములు నిండునాటికి రొమ్ము మీద టన్నున్నర బరువు మోయగలవాడైనాడని, కొంతకాలమునకు మూడు టన్నులు మోసి చూపినాడని ఆయన చరిత్రకారులు వ్రాసినారు.

అంతటి బలము కలిగిన యువకుడు వెంటనే ప్రదర్శనలకు దిగలేదు. మద్రాసు పోయినాడు. అక్కడ సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది తిరిగివచ్చి, తాను చదివిన పాఠశాలలోనే శిక్షకుడుగా చేరినాడు. రామమూర్తి చరిత్ర చెప్పువారు ఈ ఘట్టమును ఒక్క వాక్యముతో దాటివేయుదురు. నాకు ఇదియే ముఖ్యమని తోచును. బలము ఉన్నంత మాత్రాన బలమును నేర్పుట రాదని, దానికి వేరొక విద్య కావలెనని గ్రహించిన బలశాలురు ఎందరు? ఆ కాలమునకు మద్రాసు నగరములో వ్యాయామవిద్యకు ప్రత్యేకమైన కళాశాల లేదు. అమెరికా నుండి వచ్చిన హారీ క్రో బక్ వై.ఎం.సి.ఎ. పక్షమున అట్టి విద్యాలయమును 1920లో గాని స్థాపింపలేదు. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలకు భారత జట్టును నడిపించినవాడు ఈ బక్ గారే. దక్షిణదేశమందలి బడులకు తరతరములుగా వ్యాయామోపాధ్యాయులను అందించిన ఆ సంస్థ పుట్టుకకు ఎన్నో సంవత్సరములు ముందే మన రామమూర్తిగారు ఈల చేతబట్టి బాలుర ఎదుట నిలిచినారు.

ఆనాటి డ్రిల్లు గంట ఎట్టిదో నేటివారికి కొంచెము చెప్పవలెను. అది సైనికుల కవాతును చూచి బడులకు తెచ్చినది. బాలురు వరుసలలో నిలిచి, ఉత్తరువు వినబడినప్పుడు చేతులు చాపుట, ముడుచుట, కుడికి, ఎడమకు తిరుగుట. అందులో ఆటలేదు, ఊపిరి లేదు. ఒక్కని వలె అందరును కదలుటయే దాని లక్ష్యము. తాలింఖానా మార్గము దీనికి భిన్నము. అక్కడ ఎవని శరీరము ఎంత ఓర్చునో గురువు చూచి అంతయే చేయించును. నిన్న పది దండీలు తీసినవాడు నేడు పదునొకండు తీసిన చాలును. రామమూర్తిగారు ఈ రెండింటిని ఎఱిగినవారు. ఆయన సాధన దండీలు, బస్కీలు, మల్లయుద్ధములతోబాటు ప్రాణాయామము మీద నిలిచినదని, ఆయన శాకాహారియని ప్రసిద్ధి. ఊపిరిని వశము చేసికొననిదే కండ వశము కాదన్నది ఆయన జీవితమంతయు చూపిన మార్గము.

ఆ కాలము ఎట్టిదో కూడ గమనింపవలెను. జర్మనీలో పుట్టి ఇంగ్లండులో పేరొందిన యూజిన్ శాండో 1904–05లో భారతదేశములో పర్యటించి తన కండల సౌష్ఠవమును చూపినాడు. భారతీయులు బలహీనులను మాట పాలకుల నోట తరచుగా వినబడుచుండిన దినములవి. 1910లో గామా లండను పోయి ఐరోపా మల్లులను ఎదుర్కొన్నాడు. అదే పదియేండ్లలో విజయనగరములో గురజాడవారు దేశభక్తి గీతమును వ్రాసి, అందు ఆహారమునకును దేహబలమునకును గల సంబంధమును ప్రస్తావించినారు. బలము అన్నమాట ఆనాడు ఒక్క దేహమును గూర్చినది కాదు, జాతి గౌరవమును గూర్చినది కూడ. ఇట్టి గాలిలో రామమూర్తివంటివాడు బడి గోడల మధ్య ఉండిపోవుట కష్టమే.

పొట్టి పంతులు అను మిత్రుని ప్రోత్సాహముతో ఆయన విజయనగరములో సర్కసు కంపెనీ నెలకొల్పినారు. తుని రాజావారు గుఱ్ఱములనిచ్చినారని చెప్పుదురు. 1912 నాటికి మద్రాసులో ఆ కంపెనీ ప్రదర్శనలు జరిగినవి. బడికి ఇది నష్టమే. కాని ఆయనను తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఒక పాఠశాలలో వందమంది బాలురు చూచినదానిని ఊరూర వేలమంది చూచినారు. పలుచోట్ల యువకులు తాలింఖానాలు తెఱచినారు. అయినను చూచుట వేరు, చేయుట వేరు. డేరాలో కూర్చుండి ఏనుగును చూచిన పిల్లవాడు ఇంటికి పోయి తన ఒంటిని తలచుకొని సిగ్గుపడవచ్చును. డ్రిల్లు గంటలో పదునొకండవ దండీ తీసిన పిల్లవాడు సిగ్గుపడడు.

ఏనుగును మోయుటలోని కిటుకును విద్యార్థులకు చెప్పుట మంచిది. లేనిచో అది మాయయని తలతురు, లేదా తామును చేయబోవుదురు. ఇట్టి ప్రదర్శనలలో బలశాలి వెల్లకిల పండుకొనగా రొమ్ము మీద బలమైన చెక్క పరచుదురు. ఏనుగు పాదము దేహమునకు నేరుగా తగులదు. బరువు చెక్క అంతటను పరచుకొని, ఒక్కచోట పడవలసిన ఒత్తిడి విశాలమైన తావునకు పంచబడును. శ్వాసను నిండుగా పీల్చి బిగబట్టినప్పుడు రొమ్ము గాలి నింపిన తిత్తి వలె గట్టిపడి ప్రక్కటెముకలను లోపలి నుండి ఆదుకొనును. అయినను పంచబడిన బరువు బరువే. దానిని కొన్ని నిమిషములు ఓర్చుటకు ఏండ్ల సాధన కావలెను. ఊపిరి బిగబట్టి బరువు మోయునప్పుడు రక్తపుపోటు విపరీతముగా పెరుగును. పెరుగుచున్న పిల్లల ఎముకల చివరల మెత్తని భాగములుండును. ఎముక పొడవు పెరుగునది అక్కడనే. హద్దుమీరిన బరువులు వాటిని చెఱచగలవు. పండుగనాడు రచ్చబండ వద్ద పెద్దలు గుండు ఎత్తుట చూచి బాలురు కూడ ఎగబడుట మా పల్లెలలో కలదు. వారిని వారించి, వారి ఈడుకు తగిన సాము చూపవలసిన బాధ్యత బడిపంతులదే.

బడిపిల్లవానికి నిజముగా కావలసినది ఏమి? ఈ ప్రశ్నను మా అనంతపురము వంటి మెట్టసీమలో కూర్చుండి అడిగినచో జవాబు మఱింత స్పష్టముగా వినబడును. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి ఇచటికి వచ్చునప్పటికి వట్టిపోవును. ఈశాన్య ఋతుపవనము కోస్తాలోనే తన మేఘములను చాలవరకు ఖర్చుచేసికొనును. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదియును వేరుసెనగ ఊడలు దిగువేళ మొగము చాటువేయును. 1876–78 నాటి ధాతు కరువులో ఈ సీమ ఎముకల గూడైనది. నేడు అంతటి ఆకలి లేదు గాని, కూలికి బెంగుళూరు పోయిన తల్లిదండ్రులు, అవ్వ దగ్గర పెరుగు పిల్లలు ఇచటి పల్లెలలో ఉన్నారు. అట్టి పిల్లవానికి వ్యాయామము చెప్పుటకు ముందు అన్నము పెట్టవలెను. బడులలో 2003 నుండి వేడి భోజనము వడ్డింపబడుచున్నది. అయితే మా పొలములు కూడ కండను కట్టు పంటలనే ఇచ్చుచున్నవన్న సంగతి మనము మరువరాదు. నూరు గ్రాముల వేరుసెనగ గింజలలో ఇరువదియైదు గ్రాముల మాంసకృత్తులున్నవి. అంతే రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు మించి సున్నమున్నది. రామమూర్తిగారు మాంసము ముట్టక కండ పెంచినారన్న మాటను నమ్మనివారు మా రాగిసంకటిని, సెనగవిత్తుల ఊరిమిండిని చూచిన తరువాత నమ్ముదురు.

అన్నము తరువాత కావలసినది ఆట. అయిదు మొదలు పదునేడేండ్ల వరకు గల బాలబాలికలు సగటున దినమునకు అరువది నిమిషములు ఒళ్ళు వంచి కదలవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. పరుగులో గుండె, ఊపిరితిత్తులు బలపడును. గెంతులో ఎముక గట్టిపడును. ఆ వయస్సులో కట్టుకొన్న ఎముకయే ముసలితనమున ఆధారము. ఖర్చు లేని ఆటలు మనకు కొఱత లేదు. వానిలో చెడుగుడును నేను ప్రత్యేకముగా మెచ్చుకొందును. ముట్టుకొననిదే ఆ ఆట సాగదు. కూత పెట్టుచు వచ్చినవానిని నలుగురు కలిసి నడుము పట్టి, కాలు పట్టి, మీద పడి ఆపవలెను. అట్లు పడినప్పుడు ఎవడు ఏ వీథివాడో చూచుకొనుటకు తావు లేదు. వేరు గ్లాసులు పెట్టిన ఊళ్ళలో కూడ చెడుగుడు బరిలో దేహములు కలిసినవి. కులమును గూర్చి తరగతిగదిలో చెప్పు పాఠము చెవికి చేరునేమో గాని, ఈ పాఠము చర్మమునకు చేరును.

ఇట్టి గంటను మన బడులు ఎట్లు చూచుచున్నవి? లెక్కల సిలబసు పూర్తికాని ఉపాధ్యాయుడు మొట్టమొదట అడుగునది ఆటల గంటనే. పరీక్షల నెలలో అది పట్టికలో మాత్రము ఉండును. బడికి ఆటస్థలము ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. కాని ప్రాథమికోన్నత తరగతులలో వ్యాయామ శిక్షకుడు, అదియును కొంతకాలపు శిక్షకుడు, నూరుమందికి మించి పిల్లలున్నచోటనే ఉండవలెనని అదే చట్టము లెక్కకట్టినది. అరువదిమంది పిల్లలున్న మెట్టపల్లె బడికి ఈల ఊదువాడు చట్టము లెక్కలోనే లేడు. అచట తెలుగుపంతులో సాంఘికశాస్త్రపు పంతులో ఆ పని నెత్తిన వేసికొనవలెను. వేసికొన్నవారున్నారు. మఱియొక చిన్న మాట: మా ఎండలకు ఈ గంట ప్రొద్దుటనే ఉండవలెను, మిట్టమధ్యాహ్నపు మైదానములో పిల్లలను నిలుపుట వ్యాయామము కాదు, శిక్ష.

మరల రామమూర్తిగారి వద్దకు వత్తము. సర్కసు నెలకొల్పిన తరువాతి యాత్రలను క్లుప్తముగా చెప్పిన చాలును. పూనాలో లోకమాన్య తిలక్ ఆయనకు మల్లమార్తాండ బిరుదమునిచ్చి గౌరవించినారని, వైస్రాయి మింటో ప్రభువు ఎక్కిన కారును ఆయన కదలనీయలేదని, మదనమోహన మాలవీయుల ప్రోత్సాహముతో విదేశములకు పోయినారని ప్రతీతి. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శించి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకొన్నారు. కలియుగ భీముడని మనవారు పిలిచినారు. రాజులిచ్చిన బిరుదుకంటె ఈ రెండవది నాకు సొంపుగా వినబడును.

ధనము విశేషముగా వచ్చినది. నిలువలేదు. సంపాదించినది సంపాదించినట్లే దానధర్మములకు, జాతీయోద్యమ కార్యములకు, అడిగినవారికి పోయినది. ఇందులో గొప్పతనమెంత, లౌక్యము లేకపోవుట ఎంత అని తూచుట నాకు చేతకాదు. మలివయస్సులో కాలికి వ్రణము లేచినది. కాలు తీసివేయక తప్పదని వైద్యులు నిశ్చయించినారు. మత్తుమందు వలదని చెప్పి, ప్రాణాయామముతో శ్వాసను నిలిపి ఆయన శస్త్రచికిత్సను ఓర్చినారని ఆయన చరిత్రలన్నియు చెప్పుచున్నవి. కార్లను నిలిపిన ఆ కాళ్ళలో ఒకటి పోయినది. వేలమంది ఎదుట ప్రదర్శించిన బలము ఆయనను విడిచిపోయినది. విజయనగరము గోదాలో గురువు నేర్పిన ఊపిరి మాత్రము విడువలేదు. ఒక్క ప్రేక్షకుడును లేని ఆ గదిలో అది పనికివచ్చినది.

కడపటి దినములు ఒరిస్సాలోని పాట్నా సంస్థానాధీశుని ఆదరణలో, బలంగీరులో గడచినవి. అచటనే 1942లో ఆయన కన్నుమూసినారు.

విశాఖపట్టణము సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచినది. శ్రీకాకుళములో క్రీడామైదానమునకు ఆయన పేరు పెట్టినారు. ఆయన మరణించిన ఏబదియెనిమిది సంవత్సరములకు, 2000 సంవత్సరములో, సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోల బరువునెత్తి కాంస్యపతకము గెలిచి, ఆ క్రీడలలో పతకమందిన మొదటి భారతీయ మహిళగా పేరొందిన కరణం మల్లేశ్వరి పెరిగినది కూడ ఆ శ్రీకాకుళం జిల్లాలోనే. రామమూర్తిగారు ఈల ఊదిన దినములలో డ్రిల్లు వరుసలలో ఆడపిల్లలు లేరు.